‘తలుపు’ కవిత కేసు

ఆదివారం ఉదయం పదకొండున్నరకు పెర్సిస్ ఫోను పోయింది. బుధవారం సాయంత్రానికి ఆమె పేరు పోయింది.

ఫోను పోతే పోలీసులు ఒక కాగితమైనా ఇస్తారు. పేరు పోతే ఎవరూ ఏమీ ఇవ్వరు. అందుకే గురువారం పొద్దున్న డ్యూటీ దిగి, నర్సు యూనిఫాం మీదే స్వెటర్ వేసుకుని, ఆమె ఢిల్లీ సాకేత్‌లో ఒక పాత బిల్డింగ్ మెట్లెక్కింది. రెండో అంతస్తులో ఒక గది ముందు బోర్డు ఉంది. ‘మల్లికార్జున ఇన్వెస్టిగేషన్స్’.

మల్లికార్జున ఢిల్లీ పోలీస్ క్రైమ్ బ్రాంచ్‌లో ఇన్‌స్పెక్టరుగా చేసి బయటికొచ్చిన మనిషి. ఇప్పుడు పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు చేస్తున్నాడు. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి ఇదివరకు ఎవరితోనైనా తిరిగిందా. ఇవే కేసులు. జనం బతుకుల్లోకి తొంగి చూసీ చూసీ అతనికి మనుషులంటేనే ఏవగింపు పుట్టింది. కవుల మీద మాత్రం అప్పటికి ఏ అభిప్రాయమూ లేదు. ఆ లోటు నాలుగు రోజుల్లో తీరిపోయింది.

“కూర్చోండమ్మా. ఏం పోయింది?”

“కవిత పోయిందండి.”

“ఎవరావిడ?”

“మనిషి కాదండి. నేను రాసిన కవిత.”

మల్లికార్జున పెన్ను కింద పెట్టేశాడు. ఆమె కొత్త ఫోను ముందుకు జరిపింది. తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపు. అందులో కార్యదర్శి మనోహర్ పెట్టిన ప్రకటన.

‘హస్తిన వెన్నెల వార్షిక సంచిక పోటీకి, ప్రముఖ కవి శ్రీ నాగభూషణం గారి కవితను తన కవితగా పంపిన కుమారి పెర్సిస్ చర్యను సంఘం తీవ్రంగా ఖండిస్తున్నది. ఈ ఆదివారం సభలో ఆమె బహిరంగ క్షమాపణ చెప్పనిచో, ఆమె పనిచేయు ఆసుపత్రికి ఈ విషయం తెలియపరచబడును.’

దాని కింద దండాలు పెడుతున్న చేతుల బొమ్మలు. ‘సిగ్గు సిగ్గు’ అని ఒకాయన. ‘నర్సులకు కవిత్వం ఎందుకండీ, సూదులు చాలవా?’ అని ఇంకొకాయన. ఆ మాటకి నవ్వుతున్న మొహాలు ఇరవై పైనే.

మల్లికార్జున ఫోను వెనక్కి జరిపాడు. “క్షమాపణ చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది కదా?”

“దొంగనని ఒప్పుకున్నట్టవుతుందండి.” ఆమె ఫోను ఒళ్ళోకి తీసుకుంది. “ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు పేషెంట్లు గొలుసులూ ఉంగరాలూ తీసి మా చేతికే ఇస్తారు. దొంగ అని ఒక్క ఉత్తరం వెళ్తే చాలండి. రేపు ఎవరి ఉంగరం కనపడకపోయినా ముందు నా బ్యాగే వెతుకుతారు.”

మల్లికార్జున పెన్ను మళ్ళీ అందుకున్నాడు.

“కవిత్వం ఎవరు నేర్పారు?”

“నాగభూషణం సారేనండి. ప్రతి ఆదివారం ఇక్కడే సాకేత్‌లో హాలు అద్దెకి తీసుకుని ‘కవితాశాల’ నడుపుతారు. ఎలా రాయాలి, పత్రికలకి ఎలా పంపాలి, అన్నీ చెప్తారు.”

“మీ కవిత ఆయనకి ఎప్పుడు పంపారు?”

“నెల క్రితమండి. వాట్సాప్‌లో. ‘చూస్తాను’ అన్నారు. వారం తర్వాత, ‘ఇంకా పండలేదు, ఆరు నెలలు దాచుకో’ అన్నారు.”

“దాచుకున్నారా?”

“లేదండి. మొన్న శనివారం పోటీకి పంపేశాను. ఆగబుద్ధి కాలేదు.”

“సార్‌కి పంపిన మెసేజ్ చూపించండి.”

“ఫోనుతోపాటే పోయిందండి. కొత్త ఫోన్లో పాత మెసేజ్‌లేవీ రాలేదు. ఆ బ్యాకప్ సంగతులు నాకు తెలీవు.”

“కాగితం మీద రాసుకున్నది?”

“లేదండి. వార్డులో తిరుగుతూ నోట్లోనే అనుకుంటాను. కుదిరాక ఫోన్లో కొడతాను.”

“ఇంకెవరికైనా చూపించారా? వినిపించారా?”

“ఎవరికీ లేదండి. పత్రికకి పంపేటప్పుడు హామీ పత్రం ఇవ్వాలి కదండీ, ఇది నా సొంతం, ఇంకెక్కడా బయటికి రాలేదు అని. తనకి తప్ప ఎవరికి చూపించినా అది బయటికొచ్చినట్టే అని సార్ క్లాసులో చెప్పారు. అబద్ధం మీద సంతకం పెట్టకూడదని, చర్చిలో నాతో పాడే క్వయర్ వాళ్ళ ముందు కూడా నోరు మెదపలేదు.”

మల్లికార్జున ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. ఎంత చక్కటి ఏర్పాటు! శిష్యులంతా తమ సొమ్ము తెచ్చి గురువు చేతిలో పెట్టాలి. సాక్షి మాత్రం ఉండకూడదు.

“ఫోను ఎలా పోయింది?”

“క్లాసు మొదలవగానే అందరి ఫోన్లూ ఒక ట్రేలో పెట్టాలండి. కవిత్వానికి ఫోను శత్రువని సార్ రూలు. చాయ్ బ్రేక్‌లో తిరిగి తీసుకుందామని వెళ్తే నాది లేదు. రింగ్ చేయిస్తే స్విచ్చాఫ్.”

“ట్రే ఎవరు పట్టుకున్నారు?”

“హారికండి. మా క్లాసులో అమ్మాయి.”

మధ్యాహ్నానికి మల్లికార్జున ఘాజియాబాద్‌లో ఉన్నాడు. మనోహర్ ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. సంఘానికి కార్యదర్శీ అతనే, పత్రికకి సంపాదకుడూ అతనే. ఇంటి ముందు గదే ఆఫీసు. ఆ రోజు సెలవు పెట్టి, ఆదివారం సభకి దండలు ఆర్డరు చేస్తున్నాడు.

“మీరెందుకండీ ఇంత చిన్న విషయానికి? ఓపెన్ అండ్ షట్ కేసు.” మనోహర్ రెండు ప్రింటవుట్లు బల్ల మీద పరిచాడు. “నాగభూషణం గారి మెయిల్ గురువారం వచ్చింది. ఆ అమ్మాయిది శనివారం మధ్యాహ్నం. ముందొచ్చినవాడిదే కవిత. ఠీక్ హై?”

మల్లికార్జున రెండూ పక్కపక్కన పెట్టి చదివాడు. పెర్సిస్ కవిత ఇలా మొదలైంది.

పదమూడో బెడ్డు ముసలాయన
పేరు మరిచి నన్ను చెల్లీ అన్నాడు
చెల్లి పేరు గుర్తొచ్చేసరికి
పిలవడానికి ఊపిరి లేదు
తలుపు

నాగభూషణం కవితలో బెడ్డు ‘శయ్య’ అయింది. ముసలాయన ‘వృద్ధుడు’ అయ్యాడు. చెల్లి ‘సోదరి’ అయింది. మిగతాదంతా మక్కీకి మక్కీ. ప్రతి ఖండిక చివరా రెండింటిలోనూ ఒంటరిగా ఒకే మాట. తలుపు.

“ఈ తలుపు ఏమిటి?”

“అదేనండీ గొప్పతనం!” మనోహర్ కళ్ళు మూసుకున్నాడు. “ఏకపద పాదం. న్యాయనిర్ణేతలు ముగ్గురూ దానికే పడిపోయారు. అంతటి శిల్పం ఒక నర్సుకి ఎలా వస్తుంది చెప్పండి?”

“ఒకే కవిత రెండు పేర్లతో వచ్చిందని మీరు ఎవరికి చెప్పారు?”

“నాగభూషణం గారికి. వెంటనే ఫోన్ చేశాను. శనివారం సాయంత్రం ఆరింటికి.”

“ఇంకెవరికీ?”

“బుధవారం కమిటీ కూర్చునేదాకా ఎవరికీ చెప్పలేదు. సెన్సిటివ్ మేటర్ కదా.”

“ఆయనేమన్నారు?”

“నిమిషం పాటు మాటే రాలేదండి, పాపం. తర్వాత, ‘చిన్నపిల్ల, రేపు క్లాసులో నేనే మాట్లాడతాలే’ అన్నారు. ఎంత పెద్ద మనసండీ!”

“మాట్లాడారా?”

“ఎక్కడ? ఆవిడ ఫోను పోయిందని గోల చేసింది కదా.”

“ఆదివారం మీరు హాల్లో ఉన్నారా?”

“లేదండి. మా అపార్ట్‌మెంట్ సొసైటీ మీటింగు. పొద్దున్నించి ఇక్కడే.”

బయటికొచ్చి మల్లికార్జున హారికకి ఫోన్ చేశాడు. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. నానమ్మ భాషలో నాలుగు వాక్యాలు రాయాలని కవితాశాలలో చేరింది.

“ట్రే నేనే తెచ్చాను అంకుల్. లేకిన్ బ్రేక్‌లో నాగభూషణం సార్ తీసుకున్నారు. ఎవరి ఫోన్ వాళ్ళకి నేనే ఇస్తా అన్నారు. అలా ఎప్పుడూ చేయరు.”

“ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?”

“ఎవరూ అడగలేదు అంకుల్. ఔర్ సార్ మీద డౌట్ ఎలా పడతాం? హీ ఈజ్ సార్, హై నా?”

“నువ్వూ ఆయనకి కవితలిచ్చావా?”

“ఒక్కటి. మెట్రోలో లేడీస్ కోచ్ గురించి. పండలేదు బేటా అన్నారు.”

శుక్రవారం ఉదయం ఫరీదాబాద్. నాగభూషణం డిప్యూటీ సెక్రటరీగా రిటైరైన మనిషి. డ్రాయింగ్ రూమ్ నిండా జ్ఞాపికలే. ఇత్తడివి, గాజువి, ప్లాస్టిక్‌వి. గోడకి నిలువెత్తు బీరువా. దాని తలుపులు పూర్తిగా మూసుకోవడం లేదు. సందులోంచి జరీ అంచులు వేలాడుతున్నాయి. అన్నీ సన్మానాల శాలువాలే. గదంతా నాఫ్తలీన్ వాసన.

“రండి, రండి. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు.” నాగభూషణం సోఫాలో వెనక్కి వాలాడు. “ఆశ. అంతే. ఈ తరానికి తొందరెక్కువ.”

“ఆమె మీకు కవిత పంపిందంటోంది.”

“చాలామంది చాలా పంపుతారు. నా వాట్సాప్ మీరే చూడండి.”

పెర్సిస్ పేరు మీద నొక్కితే ఖాళీ తెర వచ్చింది.

“ఎప్పటికప్పుడు క్లియర్ చేస్తాను. క్లోజయిన ఫైలు టేబుల్ మీద ఉంచుకునే అలవాటు లేదు నాకు.”

“వచ్చినవన్నీ చదువుతారా?”

“చదువుతాను. వినడం మాత్రం నా వల్ల కాదు. వాయిస్ మెసేజ్‌లంటే పరమ అసహ్యం. సర్వీసులో ఉన్నప్పుడూ అంతే. ఎంత లావు ఫైలైనా సారాంశం కిందివాళ్ళు ఒక పేరాలో రాసి పుటప్ చేయాల్సిందే.”

“ఇప్పుడెవరు పుటప్ చేస్తున్నారు?”

నాగభూషణం వంటింటి వైపు బొటనవేలు చూపించి పెద్దగా నవ్వాడు. “ఇంకెవరు, మా హోమ్ డిపార్ట్‌మెంట్!”

వంటింట్లో అతని భార్య అరుంధతి టీ పెడుతోంది. అల్లం దంచుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. రోలు చప్పుడు మధ్య ‘కడుక్కుని కూతుర్నౌతాను’ అన్న ముక్క ఒకటి తేలి వచ్చింది. ఏ సీరియల్ పాటో అనుకుని మల్లికార్జున పట్టించుకోలేదు.

“ఆ ‘తలుపు’ అన్న మాట గురించి చెప్పండి సార్.”

ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నాగభూషణం ముందుకు వంగాడు. “అది ద్వారం. జననానికీ మరణానికీ మధ్య. దాన్ని తెరవాలా మూయాలా అన్నది పాఠకుడికే వదిలేశాను. అందుకే క్రియ పెట్టలేదు. ఆ ఒక్క మాట కోసం నేను మూడు రాత్రులు నిద్రపోలేదు.”

అరుంధతి టీ తెచ్చింది. నెమ్మదైన మనిషి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“ఆదివారం ఈయనకి ఇంకో శాలువా వస్తుందటండీ. పెట్టడానికి చోటేదీ? బీరువా సర్దుతానంటే వారం నుంచి ముట్టుకోనివ్వడం లేదు.”

“అరుంధతీ, నువ్వు లోపలికెళ్ళు,” అన్నాడు నాగభూషణం. గొంతు పెంచలేదు. ఆమె వెళ్ళిపోయింది.

టీపాయ్ మీద అతని కొత్త కవితా సంపుటి ఉంది. మల్లికార్జున పేజీలు తిప్పాడు. ముప్ఫయ్యో పేజీలో ఆగిపోయాడు. మెట్రో రైల్లో ఆడవాళ్ళ పెట్టె గురించి ఒక కవిత. డెబ్బై దాటిన మగమనిషి ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుని, పక్కనున్న అమ్మాయి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడట! మల్లికార్జునకి చేతిలో ఉన్న టీ తాగబుద్ధి కాలేదు. అయినా మర్యాదకి తాగాడు.

మనిషి ఎలాంటివాడో తెలిసిపోయింది. తెలిస్తే ఏం లాభం? ఒక్క రుజువు లేదు. మెయిల్ ముందొచ్చింది అతనిదే. మెసేజ్‌లు లేవు. ఫోను లేదు. ట్రే సంగతి అడిగితే, పంచాను, నిజమే, అంటాడు. నాలుగొందల మంది సంఘ సభ్యులు అతని కాళ్ళకి దండం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి క్యాంటీన్‌లో పెర్సిస్ ఒక మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“క్షమాపణ రాసేసుకున్నానండి. చదివేసి వెళ్ళిపోతాను. ఇంక కవితల జోలికి పోను. అమ్మతో చెప్పలేదు. ఆవిడకి తెలిస్తే అన్నం మానేస్తుంది.”

మల్లికార్జున కాగితం విప్పి చూశాడు. ‘నేను చేసిన తప్పుకు’ అని మొదలైంది. ఆపైన చదవలేకపోయాడు.

“పోనీ, నా తృప్తి కోసం ఒక్క మాట చెప్పండి. ఆ ‘తలుపు’ ఏమిటి? జననమా, మరణమా?”

పెర్సిస్ తెల్లబోయింది. తర్వాత నవ్వేసింది. ఆమె నవ్వడం అతను చూడటం అదే మొదలు.

“పల్లవండీ!”

“ఏమిటీ?”

“పాటల పుస్తకంలో పల్లవి పైన ఒక్కసారే వేస్తారు కదండీ. ప్రతి చరణం కిందా పల్లవిలో మొదటి మాట ఒక్కటే వేస్తారు, మళ్ళీ అందుకోమని. మా చర్చి పుస్తకాల్లోనూ అంతే. నాకు ఏదైనా పాటలాగే వస్తుంది. అలవాటు కొద్దీ అలాగే కొట్టాను.”

మల్లికార్జున నుదురు కొట్టుకున్నాడు. పాటల పుస్తకం తిరగేసిన ప్రతి తెలుగువాడికీ తెలిసిన సంగతే ఇది. అతనికీ తెలుసు. మనోహర్‌కీ తెలుసు. ముగ్గురు న్యాయనిర్ణేతలకీ తెలుసు. అది కవిత అని చెప్పి చూపించేసరికి అందరికీ కళ్ళు మూసుకుపోయాయి. నాగభూషణం మూడు రాత్రులు నిద్రపోలేదట! పల్లవి లేని పాటని దొంగిలించి, దాని తోకని పట్టుకుని తత్వం చెప్పాడు.

“మరి పల్లవేదమ్మా? మీరు పోటీకి పంపినదాంట్లో కూడా లేదే?”

“అది సార్‌కి పాడి పంపానండి, వాయిస్ మెసేజ్‌లో. ముందు ఇది విని, తర్వాత చరణాలు చదవండి సార్ అని. దాని మాటే ఎత్తలేదు ఆయన. కవితలో పాట వాసన రాకూడదని క్లాసులో ఎప్పుడూ అంటుంటారు. నచ్చలేదేమోనని పోటీకి పంపేటప్పుడు పల్లవి తీసేశాను. ‘తలుపు’ ఒక్కటీ తీయబుద్ధి కాలేదు.”

“ఆ పల్లవి ఇంకెవరైనా విన్నారా?”

“లేదండి. సార్‌కి తప్ప ఎవరికీ పాడలేదు.”

“ఇప్పుడు పాడండి.”

చుట్టూ చూసి, గొంతు తగ్గించి పెర్సిస్ పాడింది. రెండే పాదాలు. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన పిల్ల గుమ్మంలో నిలబడి తల్లితో అనే మాటలు.

మల్లికార్జున కప్పు కింద పెట్టేశాడు. ఆ మాటలు అతను ఇదివరకే విన్నాడు. ఎక్కడ విన్నాడో అల్లం ఘాటుతో సహా గుర్తొచ్చింది.

“రేపటిదాకా ఇది ఇంకెవరి ముందూ పాడకండి. ఈ క్షమాపణ కాగితం పారేయకండి. దీని వెనక వైపు మనకి పనుంది.”

ఆదివారం ఉదయం పదకొండు గంటలు. హాలు నిండింది. వేదిక మీద నాగభూషణం, మనోహర్. బల్ల మీద దండలు, గులాబీరంగు శాలువా. మొదటి వరసలో అరుంధతి పట్టుచీరలో కూర్చుంది. చివరి వరసలో మల్లికార్జున పాత మిత్రుడొకడు మామూలు బట్టల్లో ఉన్నాడు. స్థానిక పోలీస్ స్టేషన్ ఎస్సై. ఫోను పోయిన కేసు అతనిదే. తెలుగు ఒక్క ముక్క రాదు.

“ముందు ఆ క్షమాపణ కార్యక్రమం ముగించేద్దాం,” అన్నాడు మనోహర్ మైకులో.

పెర్సిస్ లేచింది. కాగితం చేతిలో ఉంది. ఆమె వెనకే మల్లికార్జున వేదికెక్కాడు.

“రెండు నిమిషాలు, మనోహర్ గారూ. నాగభూషణం గారిని మూడు ప్రశ్నలడుగుతాను. తర్వాత ఆమె చదువుతుంది.”

నాగభూషణం చిరునవ్వుతో తలూపాడు.

“ఈ కవిత మీరు రాసింది ఇంతేనా? అచ్చుకి ఇవ్వని భాగం ఇంకేమైనా ఉందా?”

“ఒక్క అక్షరం లేదు.”

“పెర్సిస్ మీకు ఎప్పుడైనా ఏదైనా పాడి వినిపించిందా?”

“నేను పాటల మాస్టర్ని కాదు.” హాల్లో నవ్వులు.

“ఆమె గొంతు మీ ఇంటికి ఏ రూపంలోనూ చేరలేదు. అంతేనా?”

“అంతే.”

మల్లికార్జున పెర్సిస్ వైపు తిరిగాడు. “ఈ పాటకి మీరు కట్టిన పల్లవి ఆ కాగితం వెనక రాయండి. పైకి అనొద్దు. రాసి హారిక చేతికివ్వండి.”

పెర్సిస్ రాసింది. హారిక వచ్చి అందుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

ఇక మిగిలిన పని అంటేనే మల్లికార్జునకి రాత్రి నుంచీ ఒళ్ళు జలదరిస్తోంది. ఏ పాపమూ ఎరగని మనిషి నోటితోనే ఆమె భర్తని పట్టించాలి. వేరే దారి దొరకలేదు. అతను వేదిక దిగి మొదటి వరస ముందు నిలబడ్డాడు.

“అమ్మా, మొన్న శుక్రవారం మీరు అల్లం దంచుతూ ఒక పాట పాడుకున్నారు. చాలా బాగుంది. ఒక్కసారి పాడతారా?”

అరుంధతి సిగ్గుపడిపోయింది. “అయ్యో, నాకేం పాట వచ్చండీ.”

“రెండు పాదాలే.”

“అరుంధతీ, అవసరం లేదు,” అన్నాడు వేదిక మీంచి నాగభూషణం. ఎందుకు వద్దంటున్నాడో అప్పటికి అతనికీ తెలీదు. వద్దనడం అలవాటు, అంతే.

కానీ ఇంతమందిలో ఆమెని పాడమని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకుని, పాడింది.

తలుపు తీయమ్మా, తాకకమ్మా నన్ను
చేతులు కడుక్కుని కూతుర్నౌతాను

“చదువమ్మా హారికా.”

హారిక కాగితం విప్పింది. తెలుగు చదవడం ఆమెకి కష్టం. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. “త-లు-పు తీయమ్మా, తాకకమ్మా నన్ను. చే-తులు క-డుక్కుని కూతుర్నౌతాను.” చదివి తలెత్తింది. “సేమ్ హై అంకుల్!”

మల్లికార్జున హారిక చేతిలోంచి కాగితం తీసుకుని సభకి చూపించాడు.

“ఈ పల్లవి ఎక్కడా అచ్చు కాలేదు,” అన్నాడు మల్లికార్జున. “సంపాదకుడి దగ్గర లేదు. చర్చిలో ఎవరూ వినలేదు. పెర్సిస్ దీన్ని ఒక్కసారే బయటికి పంపింది. నాగభూషణం గారి ఫోనుకి, వాయిస్ మెసేజ్‌గా. మీరంతా మెచ్చుకున్న ఆ ఏకపద పాదం శిల్పం కాదు. పల్లవి మళ్ళీ అందుకోమని గుర్తు. ఈయనకి పల్లవి ఉందనే తెలీదు. ఎందుకంటే ఈయన వినరు. ఇంట్లో వినే డ్యూటీ వేరేవాళ్ళది.”

అతను అరుంధతి వైపు చూశాడు. “ఈ పాట మీరు ఎక్కడ విన్నారమ్మా?”

ఆమె మొహంలో సిగ్గు ఎప్పుడో పోయింది. వేదిక మీదున్న భర్త వంక చూస్తోంది.

“ఈయన ఫోన్లో. వాయిస్ మెసేజ్‌లన్నీ విని సారాంశం నేనే ఒక్క ముక్కలో చెప్తాను. నెల కిందట ఎవరో అమ్మాయి పాడి పంపింది. ఎంత బాగుందో అని నాలుగుసార్లు విన్నాను. వినండి అంటే, ‘సోది. డిలీట్ చేయ్’ అన్నారు.” ఆమె గొంతు గట్టిపడింది. “మీరు తీసేయమన్న పాట ఈ పిల్లదేనా అండీ?”

“అరుంధతీ, కూర్చో.”

ఆమె కూర్చోలేదు.

“బీరువాలో శాలువాల కింద ఒక ఫోనుంది. ఎవరిదండీ అంటే కసురుకున్నారు. వెనకాల పావురం బొమ్మ అంటించి ఉంది.”

“నాదేనండి,” అంది పెర్సిస్. చాలా నెమ్మదిగా అంది.

మల్లికార్జున చివరి వరసకి హిందీలో ఒక్క వాక్యం చెప్పాడు. ఎస్సై లేచి నిలబడ్డాడు.

నాగభూషణం ఎస్సై వైపు చూశాడు. అయినా నోరు మూతపడలేదు. “దొంగతనమంటారేమిటి? అది ముడి సరుకు! బెడ్డట, ముసలాయనట. దానికి భాష ఇచ్చింది నేను. ఈ అమ్మాయి పేరుతో వస్తే చదివే దిక్కెవరు? నా పేరుతో వచ్చింది కాబట్టి మీరంతా చదివారు!”

అంతకంటే రోత ఆ తర్వాత జరిగింది. ఎవరూ ఛీ అనలేదు. ముందు వరస పెద్దమనుషులు గుసగుసలాడుకున్నారు. ఇంటి గుట్టు బయటపడకూడదన్నారు. పోలీసులెందుకన్నారు. మనోహర్ మైకు చేతిలోకి తీసుకున్నాడు.

“పెద్దల సలహా ఏమిటంటే, ఇద్దరి పేర్లూ వేద్దాం. గురుశిష్యుల కవిత! పెర్సిస్ గారూ, ఠీక్ హై కదా? కేసూ గీసూ వద్దు.”

పెర్సిస్ మైకు దగ్గరికొచ్చింది.

“నా పేరు ఒక్కటే వేయండి. పల్లవితో వేయండి. బెడ్డుని బెడ్డనే వేయండి. నన్ను దొంగన్న గ్రూపులోనే, ఎవరు దొంగో ఇవాళే రాయండి. కేసు సంగతి ఎస్సై గారు చూసుకుంటారు.”

వెనక నుంచి హారిక చప్పట్లు కొట్టింది. అరుంధతి కొట్టింది. తర్వాత మిగతావాళ్ళు కూడా, ఎటు గాలి వీస్తే అటు అన్నట్టు, మొదలుపెట్టారు. బుధవారం నవ్వు మొహాలు పెట్టిన చేతులే అవి.

ఎస్సై నాగభూషణాన్ని పక్క మెట్ల మీంచి తీసుకెళ్ళాడు. అరుంధతి ఇంటి తాళంచెవి పర్సులోంచి తీసి, వాళ్ళ వెనకే నడిచింది.

కార్యక్రమం మధ్యలో ఆగడం మనోహర్‌కి ఇష్టం లేదు. శాలువా ఎలాగూ కొన్నారు. అతను దాన్ని మడత విప్పి, ఫొటోగ్రాఫర్‌కి సైగ చేసి, నోరంతా నవ్వు చేసుకుని పెర్సిస్ భుజాల వైపు వచ్చాడు.

పెర్సిస్ ఒక అడుగు వెనక్కి వేసింది.

“తాకకండి సార్. ముందు చేతులు కడుక్కుని రండి.”

మల్లికార్జున హాల్లోంచి బయటికొచ్చాడు. వరండా చివర కొళాయి ఉంది. దాని దగ్గర నిలబడి అతను చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు.